హాల్‌స్టెడ్ హ్యాంగర్‌లో ఉరి

శవాన్ని కిందికి దించడానికి అగ్నిమాపక దళం వాళ్ళు తమ నిచ్చెన తామే మోసుకు రావలసి వచ్చింది.

ఆ సంగతి ఇనెస్ బర్రెరాకు మూడో హ్యాంగర్ గుమ్మంలోనే తెలిసింది. దళం పెద్ద తలమీది ఇనప టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఎవరిని తిట్టాలో తెలియక ఊరుకున్నవాడిలా ఉన్నాడు.

"విమానాలు బాగుచేసే చోటండీ ఇది. ఒక్క నిచ్చెన లేదు. ఎక్కి నిలబడటానికి ఒక్క బల్ల లేదు. అన్నీ నిన్న సాయంత్రమే, అప్పుల కింద కోర్టు వేసిన వేలంలో కొన్నవాళ్ళు లారీలకెక్కించుకు పోయారట. బండి వెనక్కి పంపి మా నిచ్చెన తెప్పించాకే దించగలిగాం."

"దించేటప్పుడు ఏమైనా కదిపారా?"

"తాడు కోశాం. అంతే. కొక్కెం అక్కడే ఉంది, చూడండి."

ఇనెస్ తలెత్తింది. కప్పు కింద ఈ గోడ నుంచి ఆ గోడకు క్రేన్ దూలం. దాని మధ్యలోంచి వేలాడుతూ, ఇంజిన్లు ఎత్తే ఇనప కొక్కెం. కొక్కేనికి ఇంకా మిగిలి ఉన్న పచ్చ నైలాన్ తాడు ముక్క. కింద సిమెంటు నేల మీద, తెల్లగుడ్డ కప్పుకుని ఆగస్ట్ లిండ్‌క్విస్ట్. హాల్‌స్టెడ్ ఎయిర్‌వేస్‌లో ఏ విమానం ఎగరాలన్నా ముందు 'సరే' అనవలసిన మనిషి.

 ఆమె ఇక్కడికి రావడానికి ప్రధాన ద్వారం దగ్గర జనాన్ని తోసుకుని రావలసి వచ్చింది. నీలం యూనిఫారంలో ఉన్న ఎయిర్ హోస్టెస్‌లు కాలిబాట మీద కూలబడి ఉన్నారు. నలుగురు పైలట్లు తమ టోపీలు గేటు కడ్డీలకు తగిలించి, వాటికేసి చూస్తూ నిలబడ్డారు. ఒక ముసలి మెకానిక్ పోలీసు కారు అద్దం మీద అరచేత్తో కొట్టి, "ఇప్పుడొచ్చారా? దొంగలు పోయాకా?" అని అడిగాడు. 

మయామీలో హాల్‌స్టెడ్ అంటే ఒక కంపెనీ పేరు కాదు. ఓర్విల్ హాల్‌స్టెడ్ అనే పైలట్ ఒకే ఒక్క నీటి విమానంతో మయామీ నుంచి హవానాకు ఉత్తరాలు మోసి మొదలుపెట్టాడు. తోక దగ్గర నీళ్ళు కారుతుంటే డబ్బాతో తోడుకుంటూ నడిపేవాడని చెప్పుకుంటారు. ముప్పై ఏళ్ళు తిరిగేసరికి భూగోళం మీద అతని విమానం వాలని పెద్ద ఊరు లేదు. ఒక్కో విమానానికి ఒక్కో నది పేరు. ఏడేళ్ళ ఇనెస్ తల్లి చెయ్యి పట్టుకుని, బొమ్మ కూడా తెచ్చుకోకుండా, క్యూబా వదిలి వచ్చింది 'టాగస్' అనే హాల్‌స్టెడ్ విమానంలోనే. ఆ రోజు తనకి నారింజరసం ఇచ్చిన అమ్మాయి ముఖం ఆమెకింకా గుర్తుంది.

పెద్దాయన పోయాడు. ప్రభుత్వం పగ్గాలు వదిలేయడంతో, టికెట్టు ఎవడికి తోచిన ధరకు వాడు అమ్ముకునే రోజులు వచ్చాయి. కొడుకులు చేతులెత్తేశారు. అప్పుడు వారెన్ డ్రిస్కల్ చైర్మన్‌గా వచ్చాడు. విమానం గురించి అతనికి తెలిసిందల్లా కిటికీ పక్క సీటు. మొదటి ఏడాది పసిఫిక్ మీద విమానాలు నడిపే దారులు అమ్మాడు. రెండో ఏడాది హోటళ్ళు. మూడో ఏడాది లండన్ దారి. అమ్మిన ప్రతిసారీ, కంపెనీని బతికించడానికేనన్నాడు. కాళ్ళూ చేతులూ నరికి రోగిని బతికించే వైద్యం అది. ఆ తర్వాత, రెండేళ్ళ కిందట, 'మగ్దలేనా' అనే విమానం శాన్ హ్వాన్‌లో లేచిన కాసేపటికే సముద్రంలో పడింది. ఒక్కరూ మిగల్లేదు. తప్పంతా కెప్టెన్‌దేనని తేల్చారు. చనిపోయినవాడు కాదనలేడు కదా. ఆ దెబ్బకి జనం హాల్‌స్టెడ్ ఎక్కడం మానేశారు. ఈ ఉదయం తొమ్మిదింటికి, డ్రిస్కల్ గొంతు మైకుల్లో వినిపించింది. కంపెనీ మూసేశాం, ఇళ్ళకు పొండి అని.

"బర్రెరా. ఉరేసుకున్నవాడి కోసం హత్యల విభాగం ఎందుకొచ్చింది?"

ఆ గొంతు విని ఆమె వెనక్కి తిరగలేదు. తిరగకుండానే ఎవరో తెలిసింది. ఒకప్పుడు తన పై అధికారి రోయ్స్ టెల్ఫర్. శవాన్ని చూసేటప్పుడు ముందు బూట్లు చూడమని నేర్పిన గురువు. ఆరేళ్ళ కిందట పోలీసు ఉద్యోగం వదిలి, హాల్‌స్టెడ్ భద్రతాధికారిగా చేరాడు. నడుముకి తుపాకీ, బూడిదరంగు సూటు, దానికి వెండి రెక్కల బిళ్ళ. కంపెనీ పోయినా బిళ్ళ పోలేదు.

"వాళ్ళావిడ ఫోన్ చేసింది," అంది ఇనెస్. "మా ఆయన పొద్దున చీకటితోనే వెళ్ళాడు, ఇవాళ ఎవరితోనో తేల్చుకుంటానన్నాడు, అలాంటి మనిషి ఉరేసుకోడు అంది."

"ఏ పెళ్ళామైనా అదే అంటుంది. చూడమ్మాయ్, ముప్పై ఏళ్ళు ఇదే లోకంగా బతికిన మనిషి. తొమ్మిదింటికి ఆ మాట విన్నాడు. తట్టుకోలేకపోయాడు. తిన్నగా ఇక్కడికొచ్చాడు, పని కానిచ్చాడు. పదింటికి నేనే చూశాను, అంతవరకూ ఇటు ఎవరూ రాలేదు. బయట వేలమంది ఏడుస్తున్నారు. ఇది హత్య అని కూడా నువ్వు మొదలుపెడితే గేట్లు విరగ్గొడతారు."

"విరగ్గొట్టనీండి. లోపల దాచడానికి ఇంకేమైనా మిగిలిందా?"

టెల్ఫర్ నవ్వాడు. పళ్ళు మాత్రమే నవ్వాయి. "నోరు తగ్గలేదు."

"మీ దగ్గర నేర్చుకున్నదే."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ తొలగించింది. ముందు బూట్లు చూసింది. తర్వాత చేతులు. గోళ్ళ సందుల్లో నల్ల గ్రీజు. ఎండి పాతబడింది కాదు, వేలితో రాస్తే అంటుకునేది. డాక్టరు పక్కనే ఉన్నాడు. ఒళ్ళు కట్టెబారడం ఎప్పుడో మొదలైందని, తొమ్మిది తర్వాత అంటే తాను నమ్మలేనని గొణిగాడు. టెల్ఫర్ వెంటనే అందుకున్నాడు. ఆరుబయలు లాంటి హ్యాంగర్, చలి, వయసు, డాక్టర్ల లెక్కలు ఎప్పుడు నిజమయ్యాయి గనక అన్నాడు.

ఇనెస్ లిండ్‌క్విస్ట్ తల కాస్త ఎత్తి, తెల్లజుట్టులోకి వేళ్ళు పోనిచ్చింది. వెనకవైపు మెత్తగా దిగబడింది. వేళ్ళకు అంటినది గ్రీజు కాదు.

"ఇదేంటి?"

"తాడు కోసినప్పుడు తల తగిలి ఉంటుంది."

"మేం చేతుల మీద దించామండీ," అన్నాడు గుమ్మంలోంచి దళం పెద్ద. "సామాను పడేసినట్టు పడేయలేదు."

టెల్ఫర్ అతనికేసి చూసిన చూపుకి మరొకరైతే రెండడుగులు వెనక్కి వేసేవారు. అతను వేయలేదు.

ఇనెస్ లేచి క్రేన్ కిందికి నడిచింది. "రోయ్స్, మీరే చెప్పండి. కొక్కెం రెండంతస్తుల ఎత్తున ఉంది. ఈయన దానికి తాడెలా కట్టాడు?"

"ఎక్కి కట్టాడు."

"దేని మీద ఎక్కాడు?"

టెల్ఫర్ చుట్టూ చూశాడు. హ్యాంగర్‌లో మిగిలింది ఒక్క విమానం. ముక్కు దగ్గర 'పరానా' అని రాసి ఉంది. "రెక్క మీద నుంచి."

"రెక్క కొసకీ ఈ కొక్కేనికీ మధ్యలో లారీ పడుతుంది. ఈయన గబ్బిలం కాదు."

"అయితే కొక్కెం కిందికి దించుకుని, కట్టుకుని, పైకి..." టెల్ఫర్ ఆగిపోయాడు.

"ఊఁ, చెప్పండి. పైకి ఎవరు లేపారు? మీట అదిగో, ఆ చివర గోడకుంది. మెడకు తాడు బిగించుకుని ఇక్కడ నిలబడ్డవాడు అక్కడి మీట నొక్కాడా? సరే, ఎలాగో నొక్కాడనుకుందాం. దేంతో లేచింది? కరెంటు ఏదీ?"

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి మీట నొక్కింది. ఏమీ కదల్లేదు. పక్కనున్న పెట్టె మీద దీపం వెలగలేదు.

"వచ్చేటప్పుడు కోర్టు మనిషిని అడిగాను. ఈ హ్యాంగర్లన్నిటికీ సరిగ్గా ఎనిమిదింటికి కరెంటు తీసేశారు. బయట గదిలోనే తీసేసి ముద్ర వేసుకుపోయారు, లోపలికి రాలేదు. అంటే కొక్కెం ఎనిమిది లోపల లేచింది. మూసేస్తున్న సంగతి చైర్మన్ చెప్పింది తొమ్మిదింటికి. వినని మాటకి ఈయన ముందే కుమిలి చచ్చిపోయాడా?"

టెల్ఫర్ ముఖం ఎర్రబడింది. "తొమ్మిదింబావుకి ఆగస్ట్‌ని, మా ఆగీని, ప్రాణాలతో చూసిన మనిషి ఉన్నాడు."

"ఎవరు?"

"స్టోర్సు అధికారి ప్రూయిట్."

"పిలవండి."

"బర్రెరా, నా మాట విను—"

"నేను పిలవమన్నాను."

ప్రూయిట్ వచ్చేలోపల ఆమె విమానం చుట్టూ తిరిగింది. ఎడమ ఇంజిన్ మూతకు వరసగా బిగించిన గొళ్ళాలలో ఒకటి సగమే పడి ఉంది. దాని చుట్టూ గుడ్డతో తుడిచిన మెరుపు. మిగతా మూతంతా దుమ్ము. వేలు పెట్టి చూసింది. గోళ్ళ సందుల్లో చూసిన గ్రీజే.

చక్రం పక్కన లిండ్‌క్విస్ట్ కోటు మడిచి పెట్టి ఉంది. దాని మీద ఒక సొట్టల ఫ్లాస్కు. భోజనాల డబ్బా, కళ్ళజోడు పెట్టె ఎవరో వెతికి పడేసినట్టు పక్కనే తెరుచుకుని ఉన్నాయి. ఫ్లాస్కు మాత్రం ఎవరూ ముట్టలేదు. చచ్చినవాడి కాఫీ ఎవరికి కావాలి? ఇనెస్ తీసి ఊపింది. కాఫీ చప్పుడుతో పాటు ఇంకో చప్పుడు. ఇనుము గాజుకు తగిలిన చప్పుడు.

మూత విప్పి కాఫీ అంతా నేల మీద ఒంపేసింది. చివర్న ఆమె అరచేతిలో బరువుగా జారిపడింది ఒక బోల్టు. మగవాడి బొటనవేలంత లావు, అరచేతికన్నా పొడుగు. కొత్త పెళ్ళికూతురి గాజులా మెరుస్తోంది. నడుము దగ్గర మాత్రం వెంట్రుకంత గీత, చుట్టూ.

ఆమె కారు తాళంచెవితో గట్టిగా గీకింది. మెరుపు పొరలు పొరలుగా లేచి వచ్చింది. లోపల తుప్పు తిన్న పాత ఇనుము.

 బోల్టు జేబులో వేసుకుంది.

డెనిస్ ప్రూయిట్ సన్నటి మనిషి. డిసెంబరులో కూడా చెమట పట్టే రకం. టెల్ఫర్ వెనకే నిలబడ్డాడు, గొడుగు కింద నిలబడ్డట్టు.

"లిండ్‌క్విస్ట్‌ని ఎక్కడ చూశారు?" అని అడిగింది ఇనెస్.

"క్యాంటీన్ దగ్గర, మేడమ్. తొమ్మిదింబావు. ఏడుస్తున్నాడు. అంతా అయిపోయింది డెనిస్, ఇంకేం మిగిలింది అన్నాడు. ఇటువైపు నడిచాడు. ఆపి ఉండాల్సింది. నా తప్పే."

"ఒంటి మీద కోటు ఉందా?"

"ఉంది, మేడమ్. చలి కదా."

"చేతులు?"

"చేతులంటే?"

"కన్నీళ్ళు తుడుచుకుని ఉంటాడు కదా. చేతులు శుభ్రంగా ఉన్నాయా?"

ప్రూయిట్ టెల్ఫర్‌కేసి చూశాడు. "శుభ్రంగానే ఉన్నాయి."

"మీ ఇద్దరికీ పడేదా?"

"పెద్దాయన. గౌరవమే. కాకపోతే మొండి. ఏదీ నమ్మడు. స్టోర్సు నుంచి మేమేం పంపినా భూతద్దం పెట్టి చూస్తాడు. కంపెనీ మూతపడే రోజున కూడా, ఎవరైనా ఇంజిన్ మూత విప్పుకుని కూర్చుంటారా చెప్పండి?"

ఇనెస్ విమానం వైపు ఒకసారి చూసింది.

"ఏ ఇంజిన్?" అంది ఇనెస్, చాలా మెల్లగా.

"ఆఁ?"

"రెండు ఇంజిన్లూ మూసే ఉన్నాయి. ఈ హ్యాంగర్‌లోకి పదింటి ముందు ఎవరూ రాలేదని మీ టెల్ఫర్‌గారి మాట. క్యాంటీన్ దగ్గర శుభ్రమైన చేతులతో ఏడ్చే మనిషిని చూశానంటావు. ఆయన ఇవాళ మూత విప్పాడని నీకెవరు చెప్పారు?"

ఆమె 'మీరు' నుంచి 'నువ్వు'లోకి దిగిన సంగతి ప్రూయిట్‌కి అర్థమైంది.   గుమ్మడికాయల దొంగలా కుడిచేత్తో భుజం తుడుచుకున్నాడు.

"రోజూ విప్పేవాడు. అలవాటుగా అన్నాను."

"అలవాటుగానే మూత మళ్ళీ బిగించావా? ఒక గొళ్ళెం సరిగా పడలేదు. తుడిచిన గుడ్డ ఎక్కడ పడేశావో అది కూడా దొరుకుతుంది. కానీ నువ్వు వెతికింది నీకు దొరకలేదు. కదూ? డబ్బా వెతికావు, కళ్ళజోడు పెట్టె వెతికావు. నువ్వు వస్తున్న చప్పుడు విని ఆయన దాన్ని కాఫీలో పడేశాడు."

బోల్టు తీసి అతని కళ్ళముందు పట్టుకుంది.  ప్రూయిట్ పక్కనున్న చక్రానికి ఆనుకున్నాడు.

"ఏంటది?" అన్నాడు టెల్ఫర్.

"మీ కంపెనీ చావు," అంది ఇనెస్. "తుప్పు పట్టి పారేసిన బోల్టు. మసిపూసి మారేడుకాయ చేసి కొత్తదని బిగించారు. నడుము దగ్గర విరగబోతోంది, చూడండి. ప్రూయిట్, ఇది దేన్ని పట్టుకుని ఉంటుంది?"

"నాకు తెలీదు."

"తెలీదా? స్టోర్సు అధికారివి, నీకు తెలీదా?" ఆమె గొంతు మొదటిసారి లేచింది. "మగ్దలేనా కెప్టెన్ పెళ్ళాం ఇంటి గోడ మీద జనం 'హంతకుడు' అని రాశారు. రెండేళ్ళుగా ఆవిడ ఆ గోడ కడుక్కుంటోంది. పిల్లల్ని బడి మార్పించింది. ఆయన తప్పు చేశాడని మీరంతా ప్రమాణాలు చేసి చెప్పారు. చెప్పు. ఇది దేన్ని పట్టుకుని ఉంటుంది?"

"ఇంజిన్‌ని," అన్నాడు ప్రూయిట్. "ఇంజిన్‌ని రెక్కకి."

టెల్ఫర్ ఒక అడుగు ముందుకు వేశాడు. "డెనిస్, నోరు మూసుకో. వకీలు వచ్చేదాకా ఒక్క మాట—"

"నువ్వు పక్కకి తప్పుకో రోయ్స్," అంది ఇనెస్. ఆరేళ్ళలో, ఆ మాటకొస్తే ఎప్పుడూ, ఆమె అతన్ని 'నువ్వు' అనలేదు. "నువ్వు పోలీసువి కావు. భద్రతాధికారివీ కావు, కాపలా కాయడానికి కంపెనీ లేదు. ఎవడి పరువుకి కావలి ఉన్నావు? ఆ డ్రిస్కల్ నీకు కొత్తగా ఏం ఉద్యోగం ఇస్తానన్నాడు?"

"నాకేమీ ఇవ్వలేదు." ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఆమె మళ్ళీ ప్రూయిట్ వైపు తిరిగింది. "లిండ్‌క్విస్ట్ ఈ పరానా ఇంజిన్‌లోంచి దీన్ని తీశాడు. మగ్దలేనాలోనూ ఇవే ఉన్నాయా?"

ప్రూయిట్ తల ఊపాడు.

"ఇంకా?"

అతను నేలకేసి చూశాడు. కాఫీ మడుగు అతని బూటు దాకా పాకింది.

"ఇంకా ఏ విమానానికి బిగించారు? ఇప్పుడు నువ్వు దాచే ప్రతి మాటకీ మనుషులు చస్తారు. ఒక్కడిని చంపావు. చాలదా?"

"చంపాలనుకోలేదు," అన్నాడు ప్రూయిట్. ఏడుపు మొదలైంది. "అది తీసుకురమ్మన్నారు, అంతే. ఆగీ ఇవ్వనన్నాడు. మధ్యాహ్నం పత్రికల వాళ్ళ ముందు పెడతానన్నాడు. వెనక్కి తిరిగాడు. నా చేతిలో రెంచి ఉంది. నేను... తర్వాత ఏం చెయ్యాలో ఫోన్‌లో ఆయనే చెప్పారు. అందరూ నమ్ముతారన్నారు, ఇవాళ ఎవడు ఉరేసుకున్నా నమ్ముతారన్నారు."

"ఆయనంటే?"

"డ్రిస్కల్‌గారు. బోల్టులు పంపింది వాళ్ళ బావమరిది కంపెనీ."

"ఇంకా ఏ విమానానికి?"

"ఒక్కదానికే. ఎడమ ఇంజిన్‌కి మాత్రమే. ఒరినోకోకి."

"అదెక్కడుంది?"

"ఇక్కడ లేదు. దాన్ని పోయిన వారమే అమ్మేశారు. బార్బడోస్ సర్వీసు నడిపే కొత్త కంపెనీకి. రంగు కూడా మార్చారు. ఇవాళే మొదటి..."

అతని మాట పూర్తి కాలేదు. టెల్ఫర్ అతని కాలరు పట్టుకుని చక్రానికేసి కొట్టాడు.

"ఏ విమానం? మళ్ళీ చెప్పు. ఏ విమానం?"

ఇనెస్ అతని చెయ్యి పట్టుకుని లాగింది. లాగుతూ అతని ముఖం చూసింది. కోపం కాదది. పన్నెండేళ్ళు అతని పక్క సీట్లో కూర్చుని తిరిగింది, ఎందరి చావులో చూసింది. అతని ముఖం అలా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

"ట్రూడీ," అన్నాడు టెల్ఫర్.

ఆమెకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత, నీలం యూనిఫారం వేసుకున్న రోజున పోలీస్ స్టేషనుకు వచ్చి అందరికీ చాక్లెట్లు పంచిన పొడుగుపిల్ల గుర్తొచ్చింది. టెల్ఫర్ కూతురు.

"ఒరినోకోతో పాటు కొందరు ఎయిర్ హోస్టెస్‌లనీ తీసుకున్నారు," అన్నాడతను. ఒక్కో మాటనీ ఎక్కడి నుంచో మోసుకొస్తున్నట్టు అన్నాడు. "వేలమందిలో పదిమందిని. అందులో మా అమ్మాయిని చేర్పించమని నేనే అడిగాను. డ్రిస్కల్ సరేనన్నాడు. ఇవాళ పొద్దున ఆరున్నరకి ఫోన్ చేసి, మూడో హ్యాంగర్ తాళాలు ప్రూయిట్‌కిమ్మన్నాడు. ఇచ్చాను. పదింటికి ఆగీని చూశాను. చూడగానే తెలిసింది నాకు. తెలీదా మరి? నీకు నేర్పినవాణ్ణి నేనే కదా. మళ్ళీ ఫోన్ చేశాడు. ఉరి అని చెప్పు రోయ్స్, మీ అమ్మాయి ఇవాళ హాయిగా ఎగురుతోంది, కొత్త బతుకు మొదలుపెడుతోంది, దాన్ని పాడుచేయకు అన్నాడు."

"చెప్పావు."

"చెప్పాను."

చెంప మీద కొట్టాలన్నంత కోపం వచ్చింది ఆమెకు. చెయ్యి లేచింది కూడా. కానీ ఆ చేత్తోనే ప్రూయిట్ రెక్క పట్టుకుని, డాక్టరు పక్కనున్న కానిస్టేబుల్‌కు అప్పగించి, గుమ్మం వైపు పరుగెత్తింది. గోడమీది ఫోను ఎత్తి చూసింది. పలకలేదు. కంపెనీతో పాటు అదీ చచ్చింది.

కారు తలుపు లాగి రేడియో అందుకుంది. పోలీసు కేంద్రాన్ని పిలిచి, విమానాల రాకపోకలు చూసే గోపురంతో కలపమంది.  టెల్ఫర్ ఆమె వెనకే వచ్చి, కారు కప్పు మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు.

"బార్బడోస్ విమానం," అంది ఇనెస్. "ఇదివరకు హాల్‌స్టెడ్ వాళ్ళది, ఒరినోకో. బయల్దేరిందా?"

అవతలి గొంతు నింపాదిగా ఉంది. "పన్నెండింటికి లేచిందండీ. సముద్రం మీద ఉంది. నిండుగా వెళ్ళింది, మొదటి సర్వీసు కదా. ఎందుకు?"

"వెనక్కి తిప్పండి. ఎడమ ఇంజిన్‌ని పట్టి ఉంచే బోల్టులు దొంగవి. విరుగుతాయి. మగ్దలేనా అలాగే పడింది. నా చేతిలో ఒకటుంది, మాట్లాడుతుంటే చూస్తున్నాను."

 ఎవరో కుర్చీ తోసుకుని లేచిన చప్పుడు. ఏవో గొంతులు. తర్వాత వేరే మనిషి వచ్చాడు. నింపాదితనం లేదు.

"మీరెవరో మళ్ళీ చెప్పండి. ఆ కెప్టెన్ ఇప్పుడే మమ్మల్ని పిలిచాడు. ఎడమవైపు ఏదో అదురుతోందట. ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నానన్నాడు."

"ఆలోచించొద్దని చెప్పండి. ఆ ఇంజిన్ ఆపేయమనండి. ఇప్పుడే. మెల్లగా తిప్పమనండి, గట్టిగా వంచొద్దు. కుడివైపు మంచిదే, దాని మీద ఇంటికి తెమ్మనండి."

"ఉండండి."

ఆమె రేడియో పట్టుకుని ఉండిపోయింది. గేటు దగ్గర జనం కేకలు వినిపిస్తున్నాయి. వాళ్ళకేమీ తెలీదు. తమ పొట్ట కొట్టినవాడు తమ ప్రాణాలతో కూడా ఆడుకున్నాడని తెలీదు. టోపీలు కడ్డీలకు తగిలించిన ఆ పైలట్లకి, మగ్దలేనా కెప్టెన్ తప్పేమీ లేదని ఇంకా తెలీదు.

"ఆపేశాడు," అంది రేడియో. "ఇంజిన్ ఇంకా రెక్కకే ఉంది. తిరుగుతున్నాడు. కానీ చాలా దూరం వెళ్ళిపోయాడు. ఒక్క ఇంజిన్ మీద, బాగా నిండిన విమానం. వచ్చేదాకా ఏమీ చెప్పలేం. లోపల అందర్నీ కూర్చోబెట్టి బెల్టులు బిగిస్తున్నారట."

"రోయ్స్, విన్నావా? తిరుగుతోంది," అంటూ ఇనెస్ తల తిప్పింది.

కారు కప్పు మీద చేతులు లేవు. హ్యాంగర్ గోడ పక్క నుంచి టెల్ఫర్ నల్ల బ్యూయిక్ కారు చక్రాలు అరిచేలా మలుపు తిరిగింది. అది గేటు వైపు పోవడం లేదు. ఎదురుగా ఉన్న కంపెనీ ఆఫీసు మేడ వైపు పోతోంది. పై అంతస్తులో, అద్దాల వెనక, వారెన్ డ్రిస్కల్ తన సామాను సర్దుకుంటున్నాడని పొద్దున ఆమెకు ఎవరో చెప్పారు.

బోల్టులు ఎవరి దగ్గర కొన్నారో, ఎవరు కళ్ళు మూసుకున్నారో, ఇంకెన్ని కంపెనీలకు అమ్మారో చెప్పగలిగినవాడు అతనొక్కడే. అతను నోరు తెరవకుండా చస్తే, మగ్దలేనా కెప్టెన్ పెళ్ళాం ఆ గోడ కడుక్కుంటూనే ఉండాలి. కారు స్టార్ట్ చేస్తే అందుకోగలదేమో. కానీ గోపురం వాళ్ళు మళ్ళీ పిలుస్తున్నారు. బోల్టులు ఎన్ని, గీత ఎక్కడ ఉంది, ఎంత లోతు అని కెప్టెన్ అడుగుతున్నాడట. బోల్టు ఉన్నది ఆమె ఒక్కదాని చేతిలోనే.

ఇనెస్ రేడియో వదల్లేదు. గీత నడుము దగ్గర చుట్టూ ఉందని, గోరు దిగేంత లోతని, ఎన్ని బిగించారో ప్రూయిట్‌ని అడిగి చెప్తానని చెప్పింది. కిటికీలోంచి తల బయటపెట్టి కానిస్టేబుల్‌ని కేకేసింది. తర్వాత మీట తిప్పి తన కేంద్రాన్ని పిలిచింది.

"హాల్‌స్టెడ్ ఆఫీసు మేడకి ఎంతమంది ఉంటే అంతమందిని పంపండి. నల్ల బ్యూయిక్, నడుపుతున్నది రోయ్స్ టెల్ఫర్. అవును, మన టెల్ఫరే. తుపాకీ ఉంది. పైకి వెళ్ళనివ్వొద్దు."

"అడ్డొస్తే కాల్చమంటారా?" అని అడిగారు అవతల.

మేడ ముందు బ్యూయిక్ ఆగింది. తలుపు మూయకుండానే అతను మెట్లెక్కుతున్నాడు.

"వద్దు," అంది ఇనెస్. "కూతురు తిరిగొస్తోందని చెప్పండి. ముందు అది చెప్పండి."